ఐదో ఫారం

జిగురు చిక్కబడేదాకా చెయ్యి ఆపకూడదు. ఆపితే అడుగంటుతుంది. అడుగంటిన జిగురుతో కాగితం అంటిస్తే వారం తిరక్కుండా చీమలు పడతాయి. అందుకని జంగయ్య కర్ర తెడ్డు తిప్పుతూనే ఉన్నాడు. మైదాపిండి, నీళ్ళు, పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం. నిన్నటి బకెట్లో మిగిలిన జిగురు అప్పటికే పులిసి, మీద బూజు కట్టి, సెల్లారంతా కంపు కొడుతోంది. దానికి తోడు పైనున్న హాస్టలు వంటగది పైపు. జాయింటు దగ్గర అది ఎప్పుడూ కారుతుంటుంది. ఒకరోజు సాంబారు కారుతుంది, ఒకరోజు అంట్లు కడిగిన నీళ్ళు. గడ్డిఅన్నారం సందులో ఉన్న ఈ సెల్లారులోకి వచ్చినప్పటినుంచీ జంగయ్య పొద్దున్నపూట ఏమీ తినడు. తిన్నది కడుపులో నిలవదు.

అరవైకి దగ్గర పడుతున్న మనిషి. మోకాళ్ళు రెండూ బయటికి వంగిపోయాయి. మెడ తిరగదు, ఎవరైనా పక్కనుంచి పిలిస్తే మనిషి మొత్తం తిరగాలి. పళ్ళమీద గోధుమరంగు చారలు. చూసినవాళ్ళు గుట్కా అనుకుని మొహం పక్కకి తిప్పుకుంటారు. జన్మలో గుట్కా ముట్టలేదతను. ఇదంతా చౌటుప్పల్ దాటి లోపలికి పోతే వచ్చే చిన్నబావిగూడెం ఫ్లోరైడు నీళ్ళ చలవ. సాలెవాళ్ళింట్లో పుట్టి కూడా గుంటమగ్గం తొక్కే కాళ్ళు లేకపోయాయి. ఎవరికీ పనికిరాని ఆ పిల్లవాణ్ణి మేనమామ పట్నం తీసుకొచ్చి బైండింగు షాపులో కూచోబెట్టాడు. అప్పట్లో పుస్తకాలు దారంతో కుట్టేవాళ్ళు. నేత నేయలేకపోయినా దారం చేతిలోనే ఉంది కదా అని తల్లి సంతోషించింది. తర్వాత దారం పోయి వేడిజిగురు మిషను వచ్చింది, తల్లీ పోయింది. భార్య బాలమణి చైతన్యపురిలో కోచింగు పిల్లలకి ఇడ్లీలు అమ్మి అమ్మి, కామెర్లతో మంచాన పడి, మళ్ళీ లేవలేదు. పిల్లల్లేరు. కొత్తపేటలో కిరాయికి ఒక గది, ఊళ్ళో ఒక చెల్లెలు పెంటమ్మ. జంగయ్యకి మిగిలిందల్లా అంతే.

మిషను వచ్చాక కూడా మైదాజిగురు ఎందుకంటే, అసలు వ్యాపారం దాంట్లోనే ఉంది. షాపు యజమాని త్రినాథరావుది తెనాలి వైపు. 'సర్వార్థ అకడమిక్ బుక్స్' అని బోర్డు. ఆయన వేసేవి మూడు రకాల పుస్తకాలు. సైన్సువి, చట్టాలవి, సేవాసంస్థలు నడుపుకునే పద్ధతులవి. సైన్సు పుస్తకం లెక్చరరుకి ప్రమోషన్ కోసం. చట్టం పుస్తకం లైబ్రరీ బీరువా నింపడం కోసం. సేవాసంస్థ పుస్తకం దాతలకి చూపించడం కోసం. ఈ మూడింటిలో దేనికీ చదివేవాడితో పనిలేదు. అమ్ముడుపోని పాత పుస్తకానికి మొదటి కాగితం కోసేసి, కొత్త సంవత్సరం అచ్చేసిన కాగితం అంటిస్తే కొత్త ఎడిషన్ అయిపోతుంది. ఒకసారి అదే వృక్షశాస్త్రం పుస్తకానికి వేరే లెక్చరరు పేరున్న కాగితం అంటించమన్నారు. అంటించాడు. కోసే కత్తి జంగయ్యది, అంటించే చెయ్యి జంగయ్యది. ఇంటికి వెళ్ళి సబ్బుతో ఎంత తోమినా గోళ్ళ సందుల్లో ఆ జిగురు పొలుసులు కడుతుంది. అన్నం కలుపుతుంటే కనిపిస్తుంది. అన్నం మీదే రోత పుడుతుంది.

జిగురు దింపి, తెడ్డు తుడవడానికి గుడ్డపీలిక కోసం కిటికీ దగ్గరికి వెళ్ళాడు. కిటికీ గట్టుమీద ఒక కాగితాల కట్ట ఉంది. దాన్ని చూడగానే కాళ్ళు అక్కడే ఆగిపోయాయి.

అది 'మన ఊరి నీళ్ళు: శాస్త్రం, చట్టం, సంఘం' అనే పుస్తకం తాలూకు ఐదో ఫారం. ఆ పుస్తకాలు నిన్న సాయంత్రం బైండింగు అయిపోయి, ఈ పొద్దున్నే ఆటోలో ఎల్బీ నగర్ ఫంక్షన్ హాలుకి వెళ్ళిపోయాయి. ఐదో ఫారం ఇక్కడుంటే, మరి అక్కడి పుస్తకాల్లో ఉన్నదేమిటి?

ప్రెస్సులో పెద్ద కాగితం మీద పదహారు పేజీలు ఒక్కసారే అచ్చవుతాయి. దాన్ని మడతపెడితే ఒక ఫారం. ఇలాంటి ఫారాలు వరసగా పేర్చితేనే పుస్తకం. బల్ల చుట్టూ ఫారాల కట్టలు వరసలో పెడతారు. ఆడవాళ్ళు బల్ల చుట్టూ తిరుగుతూ ఒక్కో కట్టలోంచి ఒక్కోటి తీసి ఒకదాని మీద ఒకటి వేస్తారు. అక్షరం రానివాళ్ళు కూడా తప్పు చేయకుండా ప్రతి ఫారం వీపుమీదా, అంటే మడత అంచున, ఒక నల్లగీత ఉంటుంది. మొదటి ఫారానికి అన్నిటికన్నా పైన, రెండోదానికి కాస్త కింద, మూడోదానికి ఇంకాస్త కింద. అన్నీ కలిపి వీపు చూస్తే నల్లగీతలు మెట్లలా దిగుతాయి. మెట్టు తప్పితే ఫారం తప్పినట్టు. ఆ మెట్లు చూడటమే జంగయ్య పని. ఇన్నేళ్ళలో ఒక్క పుస్తకం కూడా మెట్టు తప్పి బయటికి పోలేదు.

నిన్న కూడా మెట్లు చూశాడు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి.

జంగయ్య మనిషి మొత్తం తిరిగి, బల్ల దగ్గర ఫారాలు మడుస్తున్న యాదలక్ష్మిని పిలిచాడు. ఆమెది ఇబ్రహీంపట్నం దగ్గర ఊరు, షాపులో అతని తర్వాత పాత మనిషి.

"యాదమ్మా, నిన్న నీళ్ళ బుక్కుకు గీ కట్ట పెట్టలేదా?"

"ఏది? గది కిటికీల ఎందుకున్నది?" ఆమె దగ్గరికొచ్చి చూసింది. "బల్లమీద ఐదో జాగ ఖాళీగుండె అన్న. మూలకు ఐదో గీత ఉన్న కట్ట ఉంటే తెచ్చి పెట్టిన. గీత సూసే పెట్టిన."

ఆమె తప్పేమీ లేదు. మూలనున్న కట్ట వేరే పుస్తకానిది. అందులో ఉన్నది 'దాతలకు నివేదిక రాయడం ఎలా' అనే అధ్యాయం. త్రినాథరావుకి ఆ అధ్యాయమంటే మహా ఇష్టం. సేవాసంస్థల పుస్తకం ఏది వచ్చినా అందులో అదే కలిపేస్తాడు. అందుకని ఎప్పుడూ ఎక్కువ అచ్చేయించి మూలన పడేయిస్తాడు. దాని వీపుమీద కూడా ఐదో మెట్టు గీతే ఉంది.

తప్పు జంగయ్యది.

మూడురోజుల కింద ఈ ఫారం మడుస్తుంటే ఒక బొమ్మ కనబడింది. మోకాళ్ళు బయటికి వంగిన మనిషి బొమ్మ. తన కాళ్ళే ఎవరో గీసినట్టు ఉంది. షాపుకి వచ్చే పుస్తకాల్లో ఇంగ్లీషువే ఎక్కువ, జంగయ్యకి వాటితో పనిలేదు. ఇది తెలుగు. ఐదో తరగతి దాకా చదివిన తెలుగు. అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదివాడు. వంగిన ఎముకలు తిరిగి రావని రాసుంది. అది అతనికి తెలిసిందే. కానీ కింద ఇంకా ఉంది. చిన్నపిల్లల్ని కాపాడుకోవచ్చట. బోరు నీళ్ళు ఎక్కడ పరీక్ష చేయించాలి, పటికా సున్నమూ వేసి ఎలా తేర్చుకోవాలి, ఏ నీళ్ళతో వండాలి, పిల్లలకి ఏం పెట్టాలి, అన్నీ బొమ్మలతో. ఊళ్ళో నల్లా ఉంది గాని నీళ్ళొస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. రానిరోజు మళ్ళీ ఆ బోరే. పెంటమ్మ మనవడికి ఇప్పుడిప్పుడే పాలపళ్ళు ఊడి కొత్త పళ్ళు వస్తున్నాయి. వాటిమీద సుద్దమచ్చలు పడుతున్నాయని మొన్న ఫోన్లో చెప్పి ఏడ్చింది.

ఆ సాయంత్రమే చెల్లెలికి ఫోన్ చేశాడు. ఊటచెలిమ అనే సంస్థవాళ్ళు ఊరూరికీ పుస్తకం పంచుతారట, అందులో అంతా రాసి ఉంది, రాగానే బడిపంతులుతో చదివించుకొమ్మన్నాడు. చిన్నప్పటినుంచీ తనని చూసి జాలిపడిన చెల్లెలికి మొదటిసారి తను ఒక దారి చూపిస్తున్నాననుకున్నాడు. మర్నాడు మిగతాది కూడా నింపాదిగా చదువుదామని, పై ఫారం ఒక్కటీ తీస్తే కట్ట చెదురుతుందని, కట్టకి కట్టే తీసి కిటికీ గట్టుమీద పెట్టుకున్నాడు. ఇంతలో కటింగు మిషను దగ్గర త్రినాథరావు కేకేశాడు. ఫంక్షన్ దగ్గరపడిందని హడావుడి. ఇక కట్ట సంగతి మరిచేపోయాడు.

ఇన్నేళ్ళలో చదివింది ఒక్క ఫారం. అదే పుస్తకంలోంచి పోయింది.

త్రినాథరావు పదిగంటలకి వచ్చాడు. నుదుటిమీద కుంకుమ, చేతిలో రెండు ఫోన్లు. జంగయ్య జరిగింది జరిగినట్టు చెప్పాడు.

"ఇప్పుడేవంటావ్?"

"పుస్తకాలు ఎనకకు తెప్పించుండ్రి సార్. ఇప్పి మల్ల కడ్త. ఇయ్యాల రేపట్ల అయితది."

"వేడిజిగురు బైండింగ్ విప్పితే అట్టలు దక్కుతాయటయ్యా? ఇంకో గంటలో రిలీజ్ పెట్టుకుని ఇప్పుడా చెప్పేది?" త్రినాథరావు కుర్చీలో వెనక్కి వాలాడు. అరవలేదు. అరిచుంటే బాగుండేది. "చూడు జంగయ్యా, వాళ్ళు అట్ట చూస్తారు, వెనకాల ఫొటో చూస్తారు. లోపల పంచాంగం పెట్టి కుట్టినా అడిగేవాడు లేడు. నోరు మూసుకుని పని చూసుకో."

"ఊర్లళ్ళకు పోతయి గద సార్. నీళ్ళ సంగతే లేకపాయె అందుల."

"ఊళ్ళో వాళ్ళేవన్నా కేసేస్తారా?"

త్రినాథరావు ఫోను తీసి ఎవరితోనో నవ్వుతూ మాట్లాడటం మొదలుపెట్టాడు. పంటి సందులో ఇరుక్కున్న పోకముక్కని నాలుకతో తీసి, ఉఫ్ మని బల్లకేసి ఊశాడు. అది ఫారాల కట్టమీద పడింది. జంగయ్య దాన్ని చూస్తూ నిలబడ్డాడు. ఈ మనిషి దగ్గర ఇన్నేళ్ళు ఎలా నిలబడ్డానా అనిపించింది. నిలబడ్డది ఎవరో బలవంతపెడితే కాదు. తనే.

దవాఖానకి పోయి వస్తానని యాదలక్ష్మితో చెప్పి, కట్టలోంచి మోయగలిగినన్ని ఫారాలు ఒక పాత సంచిలో వేసుకుని బయటపడ్డాడు. ఏం చేయాలో తెలియదు. విప్పి కట్టలేకపోయినా, ఒక్కో పుస్తకంలో ఒక్కో ఫారం పెట్టి ఇవ్వొచ్చు. ఊటచెలిమ నడిపే మేడమ్‌కి చెబితే ఆమే ఒప్పుకుంటుంది. నీళ్ళకోసం సంస్థ పెట్టిన మనిషి, నీళ్ళ పేజీలు లేని పుస్తకం ఎలా పంచుతుంది?

మెట్రోలో ఎవరో లేచి సీటిచ్చారు. సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. పక్కనున్న పిల్ల అతని పళ్ళు చూసి, చున్నీ ముక్కుకి అడ్డం పెట్టుకుంది. అలవాటైపోయింది అనుకుంటాం గాని, అలవాటు కాదు.

ఎల్బీ నగర్‌లో దిగి, సాగర్ రోడ్డు వైపు ఫంక్షన్ హాలు దాకా నడిచేసరికి మోకాళ్ళు మంటలు. లోపల ఏసీ చల్లదనంలో సెంటూ, నూనె పకోడీల వాసనా కలిసి ముక్కుకి కొట్టాయి. స్టేజీ మీద పెద్ద ఫ్లెక్సీ. దానిమీద ఒక వంకరకాళ్ళ ముసలాయన నవ్వుతున్నాడు. ఆయన్ని నవ్వమని అడిగి తీసినట్టే ఉంది ఫొటో. పుస్తకం అట్టమీద కూడా అదే ముసలాయన. ప్రతి కుర్చీలోనూ ఒక గుడ్డసంచి, అందులో ఒక పుస్తకం, ఒక నీళ్ళ సీసా. సీసా మీద కూడా సంస్థ పేరు అంటించారు.

ఊటచెలిమ ఫౌండేషన్ కార్యదర్శి మృదుల చేనేత చీరలో అటూ ఇటూ తిరుగుతోంది. చీర పోచంపల్లిది. జంగయ్య దాన్ని చూడగానే గుర్తుపట్టాడు. దగ్గరికి వెళ్ళి చేతులు జోడించాడు.

"మేడమ్, నేను బైండింగ్ షాపుల నుంచి ఒచ్చిన."

ఆమె అతన్ని తలనుంచి మోకాళ్ళ దాకా చూసింది. మొహం వెలిగింది.

"అయ్యో, మీది ఆ ఏరియానేనా? ఎంత బాగా వచ్చారండీ. కూర్చోండి, కూర్చోండి. గౌతమ్ గారు మిమ్మల్ని చూస్తే బావుంటుంది. మనకి ఫండింగ్ ఇచ్చే కంపెనీ తరఫున వచ్చారు." ఒక ఫొటోగ్రాఫరుని చిటికేసి పిలిచింది. "ఈయన్ని కొంచెం కాళ్ళు కనపడేలా తియ్యండి."

"అది గాదు మేడమ్, పుస్తకంల ఒక ఫారం తప్పిపోయింది..."

"ఫంక్షన్ అయ్యాక మాట్లాడదామండీ." అప్పటికే వెళ్ళిపోయింది. ఫ్లాషు కళ్ళలో పడింది. జంగయ్య రెండు చేతులతో సంచిని మోకాళ్ళకి అడ్డం పెట్టుకున్నాడు. సిగ్గు వేయలేదు. అసహ్యం వేసింది.

వెనక వరసలో కూర్చున్నాడు. దీపం వెలిగించారు. రంగుకాగితం చుట్టిన పుస్తకాలు విప్పి, అందరూ గుండెలకి ఆనించుకుని ఫొటోలు దిగారు. తర్వాత ప్రసంగాలు. ఒకరు నీరు అమృతమన్నారు, ఇంకొకరు నీరు హక్కన్నారు. గంటసేపు జంగయ్య వాళ్ళ మాటలు వినలేదు, చేతులే చూశాడు. ఎవరైనా పుస్తకం తెరుస్తారేమోనని. ముందువరసలో ఒకాయన దాంతో విసురుకున్నాడు. ఒకామె దానిమీద పకోడీల ప్లేటు పెట్టుకుంది. నూనె అట్టమీదికి దిగి, బొమ్మలోని ముసలాయన మోకాలి దగ్గర మరకై నిలిచింది. తెరిస్తే తప్పు బయటపడుతుందని పొద్దున భయపడ్డాడు. ఇప్పుడు ఎవరో ఒకరు తెరిచి, ఇదేంటని తిట్టి, ఈ పుస్తకం కట్టినవాడెవడని అడిగితే చాలనిపించింది.

చివరికి ఒకాయన తెరిచాడు. గౌతమ్ మాట్లాడటానికి లేచి, మైకు దగ్గర చేతిలో పుస్తకాన్ని అలవాటుగా విప్పాడు. మూలనున్న పాత కట్ట కాస్త మందం కాగితం. అందుకని పుస్తకం అక్కడే తెరుచుకుంది. జంగయ్య కుర్చీ అంచుకి జరిగాడు.

గౌతమ్ ఒక పేజీ చదివాడు. ఇంకో పేజీ తిప్పాడు. మొహంలో నిజమైన ఆశ్చర్యం కనపడింది.

"ఫ్రాంక్‌గా చెప్తున్నా," అన్నాడు మైకులో, "నీళ్ళ మీద బుక్స్ చాలా చూశాను. కానీ దాతలకి రిపోర్ట్ ఎలా రాయాలో ఇంత క్లియర్‌గా చెప్పిన బుక్ ఇదే ఫస్ట్. మా పార్ట్‌నర్స్ అందరికీ కావాల్సింది ఇదే. మృదుల గారి విజన్‌కి ఇది నిదర్శనం."

చప్పట్లు మోగాయి. మృదుల ఒక క్షణం తెల్లబోయింది. తన పుస్తకంలో అదెక్కడుందో ఆమెకి తెలియదు. ఆ క్షణం దాటాక నవ్వుతూ చేతులు జోడించింది. ఎంత తేలిగ్గా జోడించిందో చూస్తే జంగయ్యకి ఒళ్ళు మండింది.

భోజనాల దగ్గర ఆమెని మళ్ళీ పట్టుకున్నాడు. సంచిలోంచి ఒక ఫారం తీసి చేతిలో పెట్టాడు.

"ఇవి మేడమ్ అసలు పేజీలు. నీళ్ళు ఎట్ల తేర్చుకోవాల్నో, పిలగాండ్లకు ఏం బెట్టాల్నో ఇందుల ఉన్నది. ఊర్లకు పంపేటప్పుడు బుక్కు బుక్కుకు ఒక్కటి పెట్టుండ్రి. నేనొచ్చి పెడ్త. పైసలేం ఇయ్యనవసరం లేదు."

ఆమె ఫారాన్ని విప్పి చూసింది. మడత విప్పిన ఫారంలో పేజీలు కొన్ని తలకిందులుగా ఉంటాయి. ఆమెకది అర్థం కాలేదు.

"ఊళ్ళకి ఎవరు పంపుతున్నారండీ?" అంది మెల్లగా, చిన్నపిల్లాడికి చెప్పినట్టు. "ఇది పార్ట్‌నర్స్‌కీ ఫండర్స్‌కీ. ఊళ్ళో చదివేవాళ్ళెవరున్నారు? అక్కడ నెక్స్ట్ ఫేజ్‌లో వాల్ పెయింటింగ్స్ అనుకుంటున్నాం. మీరు భోంచేసి వెళ్ళండి."

ఫారాన్ని అతని చేతికి తిరిగి ఇవ్వలేదు, పారేయనూ లేదు. పెరుగు గిన్నె కింద టేబుల్ తడిగా ఉంటే దాన్ని అక్కడ పరిచి, గిన్నె దానిమీద పెట్టి వెళ్ళింది. కావాలని చేసింది కాదు. అదే రోత. ఆమె చేతికి ఆ కాగితం కాగితమే, ఇంకేమీ కాదు. జంగయ్య గిన్నె ఎత్తి, తడిసిన ఫారాన్ని లాగి, చొక్కాకి ఒత్తి తుడిచి, మళ్ళీ సంచిలో పెట్టుకున్నాడు.

బయటికి వచ్చేసరికి ఫోన్ మోగింది. త్రినాథరావు.

"ఏవయ్యా, దవాఖానకి కాదుటగా వెళ్ళింది? సర్లే, వదిలెయ్. నీ చెయ్యి మంచిదయ్యా. మేడమ్ ఫోన్ చేశారు. అదే పుస్తకం మళ్ళీ వెయ్యమంటున్నారు, ఆ రిపోర్టు చాప్టర్ ఇంకో ఫారం పెంచి. నువ్వు తొందరగా రా. ఆ కిటికీ దగ్గరున్నదంతా చిత్తుకాగితాల కింద పడేసి బల్ల ఖాళీ చెయ్యి."

జంగయ్య ఫోను చెవికి ఆనించుకుని రోడ్డు పక్కన నిలబడ్డాడు. ఇన్నేళ్ళలో ఆయన నోట వచ్చిన మొదటి మెచ్చుకోలు ఇది. నోరంతా మైలుతుత్తం తగిలినట్టయింది.

"నేను రాను సార్."

"ఇవాళ రాకపోతే పొద్దున్నే రా."

"పొద్దుగాల గూడ రాను. ఇగ రాను."

అవతల ఏదో అంటున్నాడు. కోపమేమీ లేకుండానే జంగయ్య ఫోను పెట్టేశాడు. యాదలక్ష్మికి ఒకమాట చెప్పి రావాల్సింది అనిపించింది. జిగురు దింపి మూత పెట్టలేదని కూడా గుర్తొచ్చింది. మైదాజిగురు మూత లేకపోతే సాయంత్రానికి పైన తోలు కడుతుంది. కట్టనీ.

విజయవాడ రోడ్డు పక్కన చౌటుప్పల్ బస్సులు ఆగే చోట సిమెంటు బల్ల ఉంది. ఒక చివర బ్యాంకు బ్యాడ్జీ మెడలో వేసుకున్న ఒకాయన కూర్చుని చెమట తుడుచుకుంటున్నాడు. జంగయ్య రెండో చివర కూలబడ్డాడు. చేతిలో తన సంచి కాక ఇంకోటి ఉందని అప్పుడు చూసుకున్నాడు. హాల్లోంచి వచ్చేటప్పుడు గేటు దగ్గర ఎవరో అలవాటుగా చేతిలో పెట్టిన గుడ్డసంచి. దాన్ని పక్కన పెట్టి పెంటమ్మకి ఫోన్ చేశాడు.

"అన్నా, బుక్కు ఒచ్చిందా? పంతులును అడిగిన. తెస్తే సదివి సెప్తా అన్నడు."

"బుక్కు రాదే. ఇగ రాదు."

"గట్లనా," అంది చెల్లెలు. చిన్నప్పుడు కూడా అంతే, అడిగింది దొరక్కపోతే ఏడ్చేది కాదు, ఊరుకునేది.

"నేనే ఒస్తున్న. గా పేజీలు తెస్తున్న. పోరని పండ్ల సంగతి ఉన్న పేజీలు. సంచి నిండ ఉన్నయి, ఊర్ల ఇంటింటికీ ఇద్దాం."

"అయ్యో, మరి నీ పని?"

"పని ఇడిసిపెట్టిన."

"ఎవల్తోని సదివియ్యాలె అన్న అవన్ని? పంతులు ఒక్క మాటు సదువుతడు గని, ఇంటింటికి తిరుగుతడా?"

"నేను సదువుత," అన్నాడు జంగయ్య. "మెల్లగ సదువుత గని, సదువుత. నా కాళ్ళు జూపెట్టి సదువుత."

చౌటుప్పల్ బస్సు వచ్చి ఆగింది. మనుషులు ఒకరిమీద ఒకరు తోసుకున్నారు. జంగయ్య ఫారాల సంచి భుజాన వేసుకుని, చేత్తో మోకాలు ఒక్కోటి పట్టి ఎత్తుకుంటూ మెట్లెక్కాడు. కండక్టరు ముసలాయనకి సీటియ్యమని ఎవర్నో లేపాడు. కిటికీ పక్క సీటు. మెడ తిరగదు కనక మనిషి మొత్తం తిరిగి కూర్చుని బయటికి చూశాడు.

బల్లమీద గుడ్డసంచి ఉండిపోయింది. బ్యాంకాయన అటూ ఇటూ చూసి దాన్ని దగ్గరికి లాక్కున్నాడు. లోపల చెయ్యి పెట్టి నీళ్ళ సీసా తీశాడు, మూత తిప్పి గుటగుటా సగం తాగాడు. తర్వాత పుస్తకం తీసి, అటూ ఇటూ తిప్పి చూసి, వెల ఎక్కడుందో వెతికినట్టున్నాడు, బల్లమీద పెట్టేశాడు. గుడ్డసంచి బాగుందనుకున్నాడేమో, సీసా అందులో వేసుకుని లేచాడు. బస్సు కదిలింది. ఎండలో సిమెంటు బల్లమీద, ఎవరూ తెరవని ఆ కొత్త పుస్తకం ఒక్కటే మిగిలింది, వీపు రోడ్డు వైపుకి పెట్టుకుని.